మేకనైనా అడుగుతారు, మనల్ని అడగరు

‘త్యాగం’ అనే మాట మన ఊళ్ళకు జీపెక్కి వచ్చింది. సర్వే వాళ్ళతో వచ్చింది, షామియానాతో వచ్చింది, మైకుతో వచ్చింది. ప్రాజెక్టు ఏదైనా సరే, డ్యామో, గనో, పులుల అభయారణ్యమో, మొదటి మీటింగులో ఎవరో ఒక పెద్దమనిషి లేచి దేశం కోసం మీరు చేస్తున్న త్యాగం చాలా గొప్పదంటాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొడతారు. వాళ్ళను చూసి మనోళ్ళు కూడా కొడతారు.

ఆ మాటను ఒకసారి విప్పి చూద్దాం. త్యాగం అంటే తనది తాను వదులుకోవడం. దానికి రెండు కావాలి. ఒకటి, వదులుకునేది నీదై ఉండాలి. రెండు, వదలను అనే వీలు నీకుండాలి. మన విషయంలో ఈ రెండూ తలకిందులుగా నడుస్తున్నాయి. పట్టా అడగడానికి పోతే ఈ భూమి మీది కాదు, అడవిశాఖది అంటారు. అదే భూమిలో డ్యామ్ కట్టాల్సి వస్తే మీ భూములు త్యాగం చేస్తున్నారు అని మెచ్చుకుంటారు. మనది కానిదాన్ని మనం ఎట్లా త్యాగం చేస్తాం? ఇక వద్దు అనే వీలు సంగతి చెప్పనక్కర్లేదు. వద్దంటే పోలీసు బండి వస్తుంది.

వద్దనే వీలు లేకుండా తీసుకునేదానికి తెలుగులో వేరే మాట ఉంది. దాన్ని బలి అంటారు.

బలి గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. జాతరలో మేకను కోసేముందు ఏం చేస్తారో చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. పసుపు కుంకుమ పెడతారు, మెడలో వేపమండ కడతారు, నెత్తి మీదా వీపు మీదా నీళ్ళు చల్లుతారు. చల్లి ఆగుతారు. అది ఒళ్ళు విదిలించేదాకా కత్తి లేవదు. విదిలించకపోతే మళ్ళీ నీళ్ళు చల్లుతారు. ఏం తప్పు జరిగింది తల్లీ అని పెద్దలు అడుగుతారు, మొక్కు తీరలేదేమో గుర్తు చేసుకుంటారు. తడిస్తే ఏ మేకైనా ఒళ్ళు విదిలిస్తది గదా అని చదువుకున్నవాళ్ళు నవ్వొచ్చు. నిజమే, విదిలిస్తది. కానీ ఆ ఆగడంలో ఒక భయం ఉంది. ఇంకో ప్రాణి ఒప్పుకోలు లేకుండా దాని ప్రాణం ముట్టుకోకూడదనే భయం. మేకనైనా అడిగినట్టు చేయకుండా కోయకూడదని మన తాతముత్తాతలు పెట్టుకున్న కట్టుబాటు అది.

డ్యాము కట్టేవాడికి, గని తవ్వేవాడికి ఆ పాటి భయం కూడా లేదు. మనం మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

విదురుడు చెప్పింది ఎవరికి?

పదిమంది బాగు కోసం ఒకడు నష్టపోతే తప్పులేదంటారు. ఇంటి కోసం ఒకర్ని, ఊరి కోసం ఇంటిని, దేశం కోసం ఊరిని వదులుకోవాలంటారు. ఇది పాత నీతి. మహాభారతంలో విదురుడి నోట వస్తుంది. ఆఫీసర్లకూ, నాయకులకూ, టీవీ చర్చల్లో కూర్చునే మేధావులకూ ఇది బాగా ఇష్టమైన నీతి.

అయితే విదురుడు ఈ మాట ఎవరికి చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు అన్నది వీళ్ళు చెప్పరు. దుర్యోధనుడు పుట్టినప్పుడు చెప్పాడు. ధృతరాష్ట్రుడికి చెప్పాడు. ఈ బిడ్డ వల్ల వంశానికి చేటు ఉంది, నలుగురి మేలు కోరితే నీ కొడుకును నువ్వు వదులుకో అన్నాడు. అంటే సింహాసనం మీద ఉన్నవాణ్ణి తన సొంతది వదులుకోమన్నాడు. గుడిసెలో ఉన్నవాడి గుడిసె లాగేయమని అనలేదు. రాజు వదులుకోలేదు. ఆ తర్వాత ఏమైందో ఊరూరా భాగోతం ఆడేవాళ్ళకు కూడా తెలుసు.

మన దేశంలో ఈ నీతి ఎప్పుడూ కిందికే దిగుతుంది. 1948లో ఒడిశాలో హీరాకుడ్ డ్యామ్ కింద ఊళ్ళు పోగొట్టుకోబోతున్న జనంతో ప్రధాని నెహ్రూ కూడా, బాధ పడక తప్పకపోతే దేశం కోసం పడండి అన్న అర్థంలోనే మాట్లాడారు. ఆయన చెడ్డవాడని అనడం లేదు. మంచివాళ్ళ నోట కూడా అదే మాట వచ్చిందంటే ఆ నీతి ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడండి. అప్పటినుంచి ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ వాక్యం మారలేదు.

లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఆదివాసులం 8.6 శాతం. ప్రాజెక్టుల వల్ల ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో మాత్రం మనం దాదాపు 40 శాతమని ప్రభుత్వం వేసుకున్న కమిటీలే రాశాయి. కర్తవ్యం అందరిదీ అయితే బరువు కూడా అందరి మీదా పడాలి. కావడికి రెండు బుట్టలుంటాయి. ఒక బుట్టలోనే డెబ్బై ఏళ్ళుగా రాళ్ళు వేస్తూ పోతే దాన్ని దేశభక్తి అనరు, మోసేవాడి భుజం విరగ్గొట్టడం అంటారు.

ఇక్కడ ఒకరు లేచి, అయితే డెల్టా రైతుకు నీళ్ళు వద్దా అని అడుగుతారు. కావాలి. ఆ రైతు మన శత్రువు కాదు, ఆయన పండించిన బియ్యమే మన డిపోలో కూడా వస్తుంది. కానీ ఆయన దాహానికి జవాబు మన ఊరు ముంచడం ఒక్కటేనా, డ్యామ్ ఎత్తు తగ్గించి ముంపు తగ్గించే దారి లేదా అని ఎన్నిసార్లు అడిగాం? అడిగినప్పుడల్లా వచ్చిన జవాబు ఒకటే: అభివృద్ధికి అడ్డం పడొద్దు. వేరే దారి వెతకాల్సిన పని లేనప్పుడు ఎవరైనా ఎందుకు వెతుకుతారు? అడక్కుండా తీసుకోవడానికి ఒక చోటు దొరికినంత కాలం ఇంజనీరు బుర్రకు ఇంకో ఆలోచన రాదు. మన ‘కాదు’కు విలువ ఉంటేనే వాళ్ళు వేరే దారి వెతుకుతారు. ఈ సంగతి డెల్టా రైతుకు కూడా అర్థం కావాలి. రేపు ఆయన పొలం మీదుగా ఇంకో ప్రాజెక్టు వచ్చినప్పుడు ఆయన్ని కాపాడేది కూడా అదే ‘కాదు’.

గుడి కోసం వంగిన గీత

పోలవరం సంగతి తెలియనివాళ్ళు ఈ పేజీలో ఉండరు. అయినా ఒక్క విషయం మళ్ళీ చెప్పుకోవాలి. ముంపుకు పోయేవి లక్షకు పైగా కుటుంబాలు, వాళ్ళలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ ముంపు కోసమే ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్ళను, కొన్ని మండలాలు మొత్తంగా, కొన్ని ముక్కలుగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆర్డినెన్స్ వచ్చింది, జూలైలో పార్లమెంటులో బిల్లు పాసైంది. ఏ రాష్ట్రంలో ఉండాలో ఏ గ్రామసభనూ అడిగి ఆ గీత గీయలేదు. పడుకున్నప్పుడు ఒక రాష్ట్రం, లేచినప్పుడు ఇంకో రాష్ట్రం.

ఆ గీతలో ఒక వంపు ఉంది. భద్రాచలం మండలం పోయింది గానీ భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మినహాయించారు. రామాలయం ఉన్న ఊరు తెలంగాణలోనే ఉండిపోయింది.

గుడిని ఉంచుకున్నందుకు మనకు కోపం లేదు. శ్రీరామనవమికి మన ఊళ్ళ జనం కూడా పోతారు, తలంబ్రాలు తెచ్చుకుంటారు. మనం అడిగేది వేరే. ఒక గుడి కోసం రెండు రాష్ట్రాల సరిహద్దు వంగగలదని అక్కడ తేలింది. భక్తుల మనసు నొచ్చుకుంటుందని పార్లమెంటుకు కూడా అర్థమైంది. మరి ఆ గీత చుట్టూ ఉన్న ఊళ్ళలో ముత్యాలమ్మ గద్దెలున్నాయి, వేల్పుల గుట్టలున్నాయి, పెద్దల సమాధులున్నాయి. వాటి కోసం ఆ గీత వెంట్రుకవాసి కూడా వంగలేదు. అది నమ్మకాల తేడా కాదు. ఎవరి నమ్మకం అన్నదాంట్లో తేడా.

ప్రభుత్వానికి చేతకాదని కూడా అనలేం. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలో బయటపడిన బౌద్ధ కట్టడాలను జాగ్రత్తగా విప్పి, కొండ మీదా అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తెచ్చి కట్టారు. మంచి పని చేశారు. రాయి మీద రాయి పేర్చి మళ్ళీ గుడి నిలబెట్టగల ఓపిక, డబ్బు, చదువు ఈ రాజ్యం దగ్గర ఉన్నాయి.

కానీ మన దేవుళ్ళతో ఒక చిక్కుంది. వాళ్ళకు గుడి లేదు. గుట్టే దేవుడు, వాగే తల్లి, ఆ చెట్టు కిందే వేల్పు. విగ్రహాన్ని బండెక్కించొచ్చు, వాగును ఎక్కించలేం. పునరావాస కాలనీలో రేకుల గుడి కట్టిచ్చి ఇదిగో మీ దేవత అంటే, మనం ఆ రేకులకు దండం పెట్టగలం గానీ, ఆమె అక్కడికి వచ్చిందని ఏ పూజారీ చెప్పలేడు. నష్టపరిహారం కాగితంలో ఇల్లు ఉంటుంది, పొలం ఉంటుంది, చెట్టు ఉంటుంది, బావి ఉంటుంది. వేల్పుకు గడి ఉండదు. ఏ గడిలోనూ పట్టనిది లేదని రాసుకోవడం ఆఫీసుకు తేలిక.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళల్లో నిలబడ్డాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళను ఆ వారం కాపాడింది ఏది? ఏ గుట్టలను వట్టి రాళ్ళని లెక్కల్లో రాసుకున్నారో ఆ గుట్టలే.

రాయికి మొక్కడం మూఢనమ్మకమైతే

మన నమ్మకాలను చూసి నవ్వేవాళ్ళు రెండు రకాలు. ఒకరు మతం పేరుతో నవ్వుతారు, ఇంకొకరు సైన్సు పేరుతో నవ్వుతారు. ఇద్దరికీ ఒకటే జవాబు.

కొత్తల పండుగ చూడండి. పండుగ చేసి, పెద్దలకు పెట్టి, వేల్పుకు చూపించేదాకా కొత్త మామిడికాయ కోయకూడదు, కొత్త చిక్కుడు నోట పెట్టకూడదు. చిన్నప్పుడు దొంగతనంగా కోసి దెబ్బలు తిననివాళ్ళు తక్కువ. అది మూఢనమ్మకమా? కాయ ముదిరేదాకా ఆగడం వల్ల పిందెలు రాలవు, విత్తనం గట్టిపడుతుంది, ముందు లేచినోడు చెట్టంతా దులుపుకుపోడు. ఊరందరికీ ఒకే రోజు అందుతుంది. సైన్సు వాళ్ళు దీన్నే సుస్థిర వినియోగం అని పేరు పెట్టి సెమినార్లు పెట్టుకుంటున్నారు. మనం డోలు కొట్టి, రేలా ఆడి అదే పని చేస్తున్నాం.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మన నమ్మకం వల్ల లాభం ఉంది కాబట్టి గౌరవించండి అని అడుక్కోవద్దు. తిరుపతి కొండ మీద ఏం లాభం అని ఎవరూ అడగరు. మక్కా వల్ల, వేళాంగణ్ణి వల్ల పర్యావరణానికి ఏం ఒరిగిందని ఎవరూ రిపోర్టు అడగరు. మన గుట్ట ఒక్కటే ఎందుకు పరీక్ష రాసి పాసవ్వాలి? రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన మత స్వేచ్ఛలో గోపురం ఉన్నవాళ్ళకే అని రాసిలేదు.

ఈ మాటను దేశంలో అందరికంటే గట్టిగా చెప్పింది ఒడిశాలోని డోంగ్రియా కోందులు. వాళ్ళ నియమగిరి కొండ మీద బాక్సైట్ కోసం గని తవ్వాలనుకున్నారు. ఆ కొండ వాళ్ళకు నియమరాజు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గని వల్ల వాళ్ళ మత హక్కులకు దెబ్బ తగులుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళు ఎంచారు. జూలై, ఆగస్టు నెలల్లో జడ్జి కళ్ళముందు, పోలీసు కాపలా మధ్య ఒక్కో ఊళ్ళో సభ జరిగింది. ఇంగ్లీషు రాని, చాలామంది సంతకం కూడా పెట్టలేని మనుషులు ఒక్కొక్కరే లేచి కొండ ఇవ్వం అన్నారు. 12కి 12 ఊళ్ళూ కాదన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి ఇవ్వలేదు.

దీంట్లో మన తెలుగువాళ్ళకు ఒక సంబంధం ఉంది. శ్రీకాకుళం జిల్లా పొలాలను తడిపే వంశధార పుట్టేది ఆ నియమగిరి కొండల ప్రాంతంలోనే. బాక్సైట్ ఉన్న కొండ తల మీద వాన నీళ్ళు ఇంకి, ఎండాకాలంలో కూడా ఊటలుగా దిగుతాయి. ఆ తలను చెక్కేస్తే ఊట పోతుంది. అంటే హిరమండలం కింద నాట్లేసే రైతు, తన జన్మలో చూడని ఒక కొండదేవుడికి బాకీ ఉన్నాడు. ఆ దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళు నిలబడ్డారు కాబట్టి ఆయన కాలవకు ఆ ఊట మిగిలింది. ఆ పన్నెండు ఊళ్ళ కర్తవ్యం పన్నెండు ఊళ్ళ దగ్గరే ఆగిపోలేదు.

అడవి మీద కొత్తగా ప్రేమ పుట్టినవాళ్ళు

ఇప్పుడు త్యాగం అనే మాట పాతబడింది. కొత్త మాట వచ్చింది: పర్యావరణం. పులి కోసం లేవండి, వాతావరణం కోసం లేవండి, పచ్చ కరెంటు కోసం లేవండి. మాట మారింది గానీ లేవాల్సింది మాత్రం మనమే.

రాజ్యాంగం 51ఏ అధికరణం (జి) క్లాజు, అడవుల్ని, నదుల్ని, వన్యప్రాణుల్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అంటుంది. 1976లో 42వ సవరణతో అది చేరింది. అది పుస్తకంలోకి రాకముందు నుంచే ఆ విధి చేస్తున్నవాళ్ళకు ఇచ్చిన బహుమానం ఏమిటి? ఆక్రమణదారులు అనే పేరు. అడవి ఎక్కడ మిగిలిందో మ్యాపులో చూడండి, ఆదివాసులు ఎక్కడున్నారో ఇంకో మ్యాపులో చూడండి. ఆ రెండు మ్యాపులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అది ఊరికే జరగలేదు.

నల్లమల చూడండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు మనిషి తేనెకు పోవడానికి, గడ్డలు తవ్వుకోవడానికి ఎన్ని ఆంక్షలో అక్కడివాళ్ళను అడగండి. పులికి ఇబ్బంది అంటారు. అదే అడవిలో యురేనియం కోసం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు చేతిలోని గడ్డపారకు ఉలిక్కిపడే పులి డ్రిల్లింగ్ మిషనుకు అలవాటు పడుతుందా? చెంచులు, చుట్టుపక్కల ఊళ్ళ జనం, విద్యార్థులు, రచయితలు కలిసి లేచారు కాబట్టి ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. లేవకపోతే?

ఇంకో తమాషా చూడండి. గని కోసం అడవి నరికితే బదులుగా ఇంకోచోట మొక్కలు నాటాలి. మంచిదే. కానీ ఎక్కడ నాటుతున్నారు? చాలాచోట్ల మన పోడు చెలకల్లో. గుంతలు తీసి టేకు, నీలగిరి పెడుతున్నారు. అంటే ఒక ఆదివాసి అడవి నరికిన తప్పుకు ఇంకో ఆదివాసి పొలం జరిమానాగా కడుతోంది. టేకు తోటలో ఇప్పపువ్వు రాలదు, తునికి పండు దొరకదు, ఎలుగుబంటి కూడా దాన్ని అడవి అనుకోదు.

పోడు కొట్టేది మీరే గదా అంటారు. కొట్టాం. కలప దొంగలకు కూలి కోసం గొడ్డలి పట్టినవాళ్ళు కూడా మనలో ఉన్నారు. దాచాల్సిన పని లేదు. అందుకే 2006 అటవీ హక్కుల చట్టం మనకు హక్కులు మాత్రమే ఇవ్వలేదు. 5వ సెక్షన్‌లో అడవిని, వన్యప్రాణుల్ని, నీటి వనరుల్ని, మన సంస్కృతిని కాపాడే పని గ్రామసభకు అప్పగించింది. దాన్ని చెడగొట్టే ఏ పనినైనా ఆపే అధికారం కూడా ఇచ్చింది. కర్తవ్యం మాకు నేర్పొద్దు, అది మాకు చట్టంలో రాసిచ్చారు. ఆ కర్తవ్యం చేసే అధికారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కకు జరగమంటున్నారు. 2022లో తెచ్చిన అటవీ సంరక్షణ నియమాలు, కేంద్రం ముందు అనుమతి ఇచ్చేసి హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకునేటట్టు దారి తెరిచాయి. అనుమతి వచ్చాక అడగడం అంటే కత్తి దించాక నీళ్ళు చల్లడం.

మనల్ని మెచ్చుకునేవాళ్ళకు ఒక మాట

మనతో నడిచే మిత్రులారా, మీకు కూడా ఒక మాట చెప్పాలి. కోపం చేసుకోవద్దు.

ఆదివాసులు ప్రకృతి బిడ్డలు, అమాయకులు, వాళ్ళకు ఆశల్లేవు, వాళ్ళను అలాగే ఉండనివ్వాలి అని మీలో కొందరు రాస్తుంటారు. ప్రేమతోనే రాస్తారు. కానీ అది కూడా మన నెత్తిన పెట్టిన ఇంకో కర్తవ్యమే. మీ నగరాలు పాడుచేసిన గాలికి మేం కాపలాదారులుగా ఉండాలి, మీ మనసుకు బాగా కనిపించడానికి మేం సెల్‌ఫోన్ లేకుండా ఉండాలి. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి మైళ్ళ దూరం మోసుకుపోయే ఊళ్ళు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. ఆ డోలీ మోసేవాడికి ప్రకృతి అందం గురించి చెప్పి చూడండి.

మాకు రోడ్డు కావాలి, కరెంటు కావాలి, డాక్టరు కావాలి, మా భాష తెలిసిన టీచరు కావాలి. అడవికీ రోడ్డుకూ పోటీ పెట్టేది మేం కాదు. అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ 2వ క్లాజు చూడండి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు లైను, మంచినీళ్ళ పైపు లాంటి 13 రకాల పనులకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఇంత సులువైన దారి ఉన్నా ఊరికి రోడ్డడిగితే అటవీ అనుమతి రాలేదంటారు. గనికి లారీలు పోవాలంటే అదే అనుమతి ఎట్లా నడిచొస్తుందో!

కాబట్టి మమ్మల్ని పూజించొద్దు, మ్యూజియంలో పెట్టొద్దు. అడగండి. అడిగి, జవాబు వినండి. చాలు.

మరి మన కర్తవ్యం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చివరి మాట మనలో మనం అనుకోవాల్సింది.

మేడారం పోయి గద్దెల ముందు బంగారం పెట్టి ఫోటో దిగి వస్తున్నాం. సమ్మక్క కథ ఏమిటి? కరువొచ్చింది, కప్పం కట్టలేమని పగిడిద్దరాజు కాకతీయ రాజుకు చెప్పాడు. సైన్యం వచ్చింది. జంపన్న సంపెంగవాగులో ఒరిగాడు, ఆ తల్లి చిలకలగుట్ట వైపు నడిచి పోయింది. పెద్దలు చెప్పుకునే ఆ కథలో ఆమె దేవతైంది ఎందుకు? రాజుకు విధేయంగా ఉన్నందుకు కాదు. తిండిలేని జనం నుంచి కప్పం అడగడం తప్పని నిలబడినందుకు. మన మతంలోనే కాదనడం ఉంది. ఆమెకు మొక్కి వచ్చి, గ్రామసభ రోజు మాత్రం పనుందని టౌనుకు పోతే ఆ మొక్కుకు అర్థమేముంది?

గ్రామసభ ఎంత బలమైందో మనకే తెలియదు. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు కింద ఇవ్వడం చెల్లదని చెప్పింది. అనంతగిరి మండలం ఊళ్ళ నుంచి మొదలైన పోరాటం అది. 2015లో విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ కోసం 97వ నంబరు జీవో వచ్చింది. ఊరూరా జనం లేచారు, 2019లో అది రద్దయింది. ఇప్పుడు అవే కొండల్లో పంప్డ్ స్టోరేజ్ కరెంటు ప్రాజెక్టులంటున్నారు. పేరు పచ్చగా ఉంటే సరిపోదు, ముందు అడిగారా లేదా అన్నది చూడాలి.

ఒకవేళ ఏదో ఒక ఊరు అవునంటే? అనొచ్చు. కాదనే హక్కు ఉన్నవాళ్ళకు అవుననే హక్కు కూడా ఉంటుంది. బయటి నుంచి వచ్చి మీరు అవునని ఎట్లా అంటారు అని మనం కూడా దబాయించకూడదు. కానీ ఆ అవును సారా సీసాలో నుంచి రాకూడదు, ఖాళీ కాగితం మీద వేలిముద్రలో నుంచి రాకూడదు, సర్పంచ్ ఇంట్లో నలుగురు కూర్చుని రాసుకున్న తీర్మానంలో నుంచి రాకూడదు. నీళ్ళు చల్లినట్టు చేసి మేక విదిలించిందని అబద్ధం చెప్పే పూజారిని ఏ ఊరూ ఊరుకోదు. మన పేరుతో అబద్ధపు తీర్మానం రాసేవాణ్ణి మాత్రం ఎందుకు ఊరుకుంటున్నాం? వాడు మనవాడైతే ఇంకా గట్టిగా నిలదీయాలి.

చదువుకున్నవాళ్ళం మనం చేయగలిగిన పనులు పెద్దవేం కావు. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. తలలు లెక్కపెట్టండి. తక్కువైతే సభ చెల్లదని అక్కడే చెప్పండి. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో పైకి చదివించండి. కోయలోనో, కువిలోనో, గోండిలోనో అవ్వకు, తాతకు అర్థమయ్యేటట్టు చెప్పండి. వాళ్ళు ఒప్పుకున్నాకే సంతకాలు పెట్టనివ్వండి. ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోండి. మీ ఊరి వేల్పుల పేర్లు, గుట్టల పేర్లు, వాగుల పేర్లు, ఏ పండుగ ఎక్కడ చేస్తారో ఒక నోటుబుక్కులో రాయండి. సామూహిక హక్కుల దరఖాస్తుకు అదే సాక్ష్యం. రేపు ఇక్కడ ఏం లేదు, రాళ్ళే అని ఎవడన్నా రాస్తే ఆ నోటుబుక్కు వాడి ముందు పెట్టొచ్చు.

ఇది చేయడానికి నాయకుడు రానక్కర్లేదు, పార్టీ రానక్కర్లేదు. ఈసారి నోటీసు అంటించిన రోజు ఊళ్ళో ఉండండి. మీ అమ్మను, మీ అక్కను కూడా తీసుకుని పోండి. వెనక వరసలో కూర్చోవద్దు.